వెండిరూపాయి: ఎరిగినవాని మౌనము

జార్జి చక్రవర్తి శిరస్సు గల వెండిరూపాయలు గోదావరి మండలములలోని పాతయిండ్ల భోషాణములందు నేటికిని గలవు. సంతలో వానికి గుప్పెడు మిరపకాయలైనను రావు. కంసాలియొద్ద వెండివెల వచ్చును. నాణెములు సేకరించువాడు తారసిల్లినచో నంతకంటె నెక్కువయు రావచ్చును. అమ్మువాడు మొదటివెల మాత్రమే యెరిగి, కొనువాడు మూడింటిని నెరిగియున్నచో, ఆ బేరము న్యాయమగునా?

రూపాయి తూకము ఒక తులము, అనగా 180 గ్రెయిన్లు. 1835 మొదలు 1939 వరకు నందు పండ్రెండుపాళ్ళలో పదునొకండుపాళ్ళు వెండి యుండెను. యుద్ధకాలమున, 1940లో, అది సగమునకు దిగెను. 1947లో నికెలు రూపాయి వచ్చుటతో వెండి పూర్తిగా తొలగెను. వెండి సగమైనను తూకము మాత్రము మారలేదు. సగము వెండి నాణెపు టంచున నడుమ నొక గాడి కలదు. ఎరిగినవాడు గోటితో తడవి చెప్పగలడు, ఎరుగనివారికి రెండును నొక్కటియే.

కోనసీమలో మే మెరిగిన యొక వృద్ధురాలు మనుమరాలి చదువునకై ముంతెడు రూపాయలను రాజమహేంద్రవరమునకు తెచ్చెను. మేము తోడుపోతిమి. వర్తకుడు అన్నిటిని నొక్కపళ్ళెమున పోసి తూచి, సగము వెండి లెక్కను వెల కట్టెను. అందు బెక్కులు పాతవి. "ఇవన్నీ ఒకటేనా బాబూ?" అని యామె యడిగెను. "అన్నీ వెండేగదండీ, మామ్మగారూ" అని యతడనెను. త్రాసు అబద్ధమాడలేదు. అతడును మాటలో నబద్ధమాడలేదు.

విద్యకు వెల యుండవలదా యని కొందరందురు. కొంతవరకు నిజమే. 1938, 1939 రూపాయలలో వెండి సమానము. 1939వి మిక్కిలి యరుదగుటచే వాని వెల వేరు. కెనడాదేశపు వెండిడాలరును నట్టిదే: తూకమున రెండు తులములు, నూటికి ఎనుబదిపాళ్ళు వెండి, కాని 1948వి 18,780 మాత్రమే ముద్రింపబడుటచే సేకరించువారు వానికై పోటీపడుదురు. ఈ యరుదుదనము కొనువారి కోరికయం దున్నది. దానిని శ్రమించి నేర్చినవాడు కొంత లాభము గొన్న మేము తప్పుపట్టము. వెండి యట్టిది కాదు. అది యామె ముంతలోనే యున్నది, యామె సొత్తు. పైగా నామె యడిగినది. అడిగినవారికి సగము చెప్పుట తక్కువతూకపు రాయి వేయుటకంటె నెట్లు మేలో మాకు దోచుటలేదు.

గాడి సంగతి మేమును నెరుగుదుము. అంగడిలో పదిమంది యెదుట వర్తకుని తప్పుపట్టుటకు సంకోచించి, ఆమె సొమ్ము కొంగున ముడివేసికొని వీధిలోనికి వచ్చిన పిమ్మట చెప్పితిమి. "తెలిసీ అక్కడే చెప్పలేకపోయారా బాబూ?" అని యామె యడిగెను. వెంటనే మరలిపోతిమి. నాణెము లప్పటికే మూసలో నుండెను.