ఇవ్వని బిడ్డను తీసుకోవద్దు

 



కొన్ని నెలల కింద ఒక ఆదివారం అమీన్‌పూర్‌లో మనం వందన చేసుకునే గదిలో పంచశీలాలు చెప్పుకున్నాం. అందరూ వెళ్లిపోయాక ఒక జంట ఆగింది. పెండ్లయి పదకొండేళ్లు. ఆయనకు పటాన్‌చెరు కంపెనీలో పని. పిల్లల కోసం తిరగని దవాఖాన లేదు, కుదువ పెట్టిన బంగారం ఇంకా విడిపించుకోలేదు. ఆమె మెల్లగా అడిగింది.

"అక్కా, ఒకచోట కుదిరేట్టు ఉంది. షెడ్ల దగ్గర కిరాయికుండే అమ్మాయి. పెండ్లి కాలేదు. ఎనిమిదో నెల. మధ్యల ఒకామె మాట్లాడుతున్నది. కాన్పు ఖర్చులు, పైన కొంత ఇస్తే చాలంట. దవాఖాన కాగితాల్ల మా పేర్లే రాయిస్తరంట. ఎవ్వరికీ తెల్వది. ఒక ప్రాణాన్ని కాపాడినట్టే గద. పుణ్యమే గదక్కా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పదకొండేళ్లు ఎదురుచూసిన మనిషి ముఖంలోకి చూసి "వద్దు" అనడం తేలిక కాదు. ఈ కరపత్రమే ఆ జవాబు. వాళ్లిద్దరికే కాదు, మన మధ్య అట్లాంటి జంటలు ఇంకా ఉన్నాయి, అట్లాంటి అమ్మాయిలూ ఉన్నారు. ఎవరినీ గుర్తుపట్టే వివరాలు ఇందులో రాయడం లేదు.

ఆ పొద్దు మనందరం కలిసి పలికిన రెండో శీలం అదిన్నాదానం గురించి. దొంగతనం చేయను అని తేలిగ్గా అర్థం చెప్పేసుకుంటాం. పాళీ మాట అంతకంటే పెద్దది. దిన్నం అంటే ఇచ్చినది. అదిన్నం అంటే ఇవ్వనిది. ఆదానం అంటే తీసుకోవడం. ఇవ్వనిదాన్ని తీసుకోవడమే అదిన్నాదానం. కాబట్టి పుణ్యమా, పాపమా అన్నది తర్వాత. మొదట అడగాల్సింది, ఆ బిడ్డను ఆ తల్లి ఇచ్చిందా?

వినయ పిటకం మహావగ్గంలో జీవకుడి కథ ఉంది. తథాగతుడికి వైద్యం చేసిన జీవకుడు మనందరికీ తెలుసు. ఆయన పుట్టుక గురించి ఎక్కువ మాట్లాడుకోం. వైశాలికి ఆమ్రపాలి వల్ల పేరూ రాబడీ వస్తున్నాయి, మనకూ అట్లాంటి ఒకామె ఉండాలని రాజగృహం పెద్దలు బింబిసారుడికి చెప్పి, అందుకు ఒక అమ్మాయిని నిలబెట్టారు. ఆమె సాలవతి. కొన్నాళ్లకు గర్భం వచ్చింది. కడుపుతో ఉందని తెలిస్తే మగవాళ్లు రారు, బతుకుతెరువు పోతుంది. జబ్బు చేసిందని చెప్పించి తలుపు వేసుకుంది. మగబిడ్డ పుట్టాడు. దాసి చేతికిచ్చి, పాత చేటలో పెట్టి చెత్తకుప్ప మీద పారేసి రమ్మంది.

కాకులు మూగాయి. అటు వెళ్తున్న అభయ రాజకుమారుడు ఏమిటది అని అడిగాడు. పసిబిడ్డ అన్నారు. బతికున్నాడా? బతికే ఉన్నాడు. అట్లా జీవకుడనే పేరు వచ్చింది. రాజకుమారుడు సాదించాడు కాబట్టి కోమారభచ్చుడు అని కూడా పిలిచారు.

ఈ కథ చదివినప్పుడల్లా అభయుడిని మెచ్చుకుంటాం, సాలవతిని తిట్టుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అట్లాగే చదివాను. తర్వాత గమనించిందేమంటే, పిటకం ఆమెను తిట్టదు. ఏ కారణాలు కలిస్తే ఆ చేట చెత్తకుప్ప చేరిందో వరసగా చెప్పి ఊరుకుంటుంది. పటిచ్చసముప్పాదం అని మనం పెద్ద పెద్ద మాటల్లో చెప్పుకునేది ఇదే. నగర పెద్దలకు రాబడి కావాలి, దానికి ఒక ఆడమనిషి కావాలి, ఆమె కడుపుతో ఉంటే రాబడి ఆగుతుంది. ఈ లెక్కలో బిడ్డకు చోటు లేదు. బిడ్డ దొరికినప్పుడు తండ్రి ఎవరని ఆ కథలో ఎవరూ అడగరు. ఇవాళ పొదల్లో పసికందు దొరికితే టీవీలో "రాతిగుండె తల్లి" అని వేస్తారు. రాతిగుండె తండ్రి అని వేయగా నేను చూడలేదు.

మన షెడ్ల దగ్గరి అమ్మాయి దగ్గరికి రండి. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చింది, వలస వచ్చే పక్షులను ఏటా లెక్కపెట్టి ఫొటోలు తీస్తారు. మంచిదే. ఆ చుట్టుపక్కల రేకుల గదుల్లో ఉండే వలస ఆడవాళ్లను ఎవరు లెక్కపెడుతున్నారు? కడుపు కనబడగానే కాంట్రాక్టరు రేపట్నుంచి రావద్దన్నాడు. మాట ఇచ్చినవాడు ఫోన్ నంబర్ మార్చుకున్నాడు. గది ఖాళీ చేయమని ఇంటి ఓనరు. ఊరికి పోతే కులపోళ్లు, అన్నదమ్ములు. ఒక్కొక్కటీ ఆమె చేతిలోంచి గుంజుకున్నాక, చివరికి మిగిలినదాన్ని కూడా అడుగుతున్నాం. ఆమె తల ఊపితే "ఇచ్చింది" అంటున్నాం.

ఇది మనకు కొత్త కాదు. 1999లో, మళ్లీ 2001లో నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల సంగతి బయటపడింది. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. పుట్టిన ఆడపిల్లలను దళారులు హైదరాబాద్‌లోని దత్తత సంస్థలకు చేర్చారు, అక్కడి నుంచి విదేశాలకు పంపారు. తండాలో తల్లి చేతిలో పెట్టింది చాలా కొద్ది. విదేశంలో దత్తత తీసుకున్నవాళ్లు కట్టింది లక్షల్లో. చదువు రాని తల్లి వేసిన వేలిముద్రను సమ్మతి అన్నారు. గీతా రామస్వామి లాంటివాళ్లు, మహిళా సంఘాలు దీని మీద పోరాడాయి. 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, తల్లిదండ్రులు వదులుకున్నట్టు రాసిచ్చిన పిల్లలను దత్తతకు ఇవ్వడాన్ని నిషేధించింది. పేపర్లో శిశువిహార్ ఊయలల ఫొటోలు చూసి, ఆ తల్లులకు మనసెట్లా ఒప్పిందో అని నేనూ అన్నాను. కరువులో, కట్నాల భయంలో, ఆడపిల్ల మీద ఆడపిల్ల పుట్టిన గుడిసెలో ఆ మనసుకు ఎన్ని దారులు మిగిలాయో అడగలేదు.

ఇచ్చేసిన తల్లి మరిచిపోతుందని, మళ్లీ పెండ్లయి పిల్లలు పుడితే అంతా సర్దుకుంటుందని మనవాళ్లు అంటారు. ఆ మధ్యవర్తి కూడా అదే చెప్పిందట. దీని మీద ఆస్ట్రేలియాలో రాబిన్ వింక్లర్, మార్గరెట్ వాన్ కెపెల్ అనే పరిశోధకులు 1984లో ఒక అధ్యయనం ప్రచురించారు. బిడ్డను దత్తతకు ఇచ్చేసిన 213 మంది తల్లులను అడిగారు. పోగొట్టుకున్న బాధ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గలేదని, పెరిగిందని చెప్పినవాళ్లు అందులో సుమారు సగం మంది. చనిపోయిన బిడ్డకైతే నలుగురూ వచ్చి ఏడుస్తారు. ఈ బాధకు ఏడ్చే హక్కు కూడా ఉండదు. అక్కడ పెండ్లి కాని తల్లుల నుంచి బలవంతంగా బిడ్డలను తీసుకున్నందుకు 2013 మార్చి 21న ఆ దేశ ప్రధాని జూలియా గిలార్డ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. చాలామంది తల్లులు అప్పటికి ముసలివాళ్లు.

ఇంకో సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. గర్భంలోని బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలోకి వచ్చి ఉండిపోతాయి. డయానా బియాంకి అనే వైద్యురాలి బృందం 1996లో ప్రచురించిన పరిశోధనలో, కాన్పయిన 27 ఏళ్ల తర్వాత కూడా ఒక తల్లి రక్తంలో కొడుకు కణాలు కనబడ్డాయి. కాగితాల్లో ఎవరి పేరు రాయించినా ఆ కణాలు మారవు కదా.

అయితే పెంచినవాళ్లు తల్లిదండ్రులు కారా? ఇక్కడ ఆ జంట తొందరపడి బాధపడొద్దు. మన మాటలోనే ఉంది: సాదుకోవడం. కన్నవాళ్లకు ఎంత చోటుందో, సాదినవాళ్లకు అంత చోటు ధమ్మంలో ఉంది. సిద్ధార్థుడు పుట్టిన ఏడు రోజులకు మాయాదేవి చనిపోయింది. పాలిచ్చి పెంచింది పిన్ని మహాపజాపతి గోతమి. ఆడవాళ్లకు సంఘంలో చోటు కావాలని ఆమె అడిగినప్పుడు, ఆనందుడు బుద్ధుడికి గుర్తుచేసింది ఆ పాలనే. మన బాబాసాహెబ్‌కు పసితనంలోనే తల్లి భీమాబాయి పోయింది. సాదింది మేనత్త మీరాబాయి. ఆ బాబాసాహెబ్, రమాబాయి తమ అయిదుగురు పిల్లల్లో నలుగురిని చిన్నతనంలోనే పోగొట్టుకున్నారు. ఖాళీ ఊయల బాధ మన ఇంటి పెద్దలకు తెలియనిది కాదు.

సాదడం వల్ల మనిషి నిజంగానే మారతాడని ఇప్పుడు పరిశోధనలూ చెబుతున్నాయి. ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ బృందం మొదటిసారి తల్లిదండ్రులైన 89 మందిని పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో తల్లి లేకుండా తామే ముఖ్యంగా పెంచుతున్న తండ్రులు కూడా ఉన్నారు. బిడ్డను చూసినప్పుడు, తల్లి మెదడులో చురుగ్గా ఉండే భాగమే ఆ తండ్రుల్లోనూ చురుగ్గా ఉంది. తండ్రి బిడ్డ పనుల్లో ఎంత సమయం గడిపితే మెదడులో ఆ అల్లిక అంత గట్టిపడింది. అన్నలారా, ఇది మీరు రెండుసార్లు చదవండి. డ్యూటీ దిగి వచ్చి ఫోన్ పట్టుకుంటే తండ్రి కారు. ముడ్డి కడిగితే, రాత్రి ఎత్తుకుని తిరిగితే అవుతారు.

కాబట్టి మీరు తల్లిదండ్రులు కావడానికి అబద్ధపు కాగితం అవసరం లేదు. ఆ కాగితం నాలుగో శీలాన్నీ తప్పిస్తుంది. బిడ్డ దగ్గర కూడా ఒకటి దొంగిలిస్తుంది, తన కథను. జీవకుడు పెద్దవాడయ్యాక అభయుడిని అడిగాడు, నా తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని. అభయుడు రాజకుమారుడు, ఏ కథ అయినా చెప్పవచ్చు. తల్లి ఎవరో తనకు తెలియదని, సాదించింది తానే కాబట్టి తండ్రిని తానేనని చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు. జీవకుడు తక్షశిలకు పోయి ఏడేళ్లు వైద్యం నేర్చాడు. తిరిగి వస్తూ దారిలో సంపాదించిన మొదటి పదహారు వేలు తెచ్చి, నన్ను సాదినందుకు అని అభయుడి ముందు పెట్టాడు. అభయుడు తీసుకోలేదు, నీకే ఉండనీ, మా ఇంట్లోనే ఇల్లు కట్టుకో అన్నాడు. నిజం చెబితే బిడ్డ పోతాడని భయపడే ప్రతి ఇంట్లో ఈ భాగం చదవాలి. సాలవతి సంగతి మాత్రం ఆ కథలో మళ్లీ రాదు. జీవకుడు అదే రాజగృహంలో వీధుల వెంట వైద్యానికి తిరిగాడు. ఆమె ఏ కిటికీలోంచి చూసి ఉంటుందో.

అనుమతి సంగతి కూడా మహావగ్గంలోనే ఉంది. రాహులుడిని సంఘంలో చేర్చుకున్నాక ముసలి శుద్ధోదనుడు వచ్చాడు. కొడుకు పోయాడు, నందుడు పోయాడు, ఇప్పుడు మనవడు. బిడ్డ మీది ప్రేమ చర్మం నుంచి మూలుగ దాకా కోసుకుంటూ పోతుందని చెప్పుకుని, ఇకమీద తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఎవరి బిడ్డనూ చేర్చుకోవద్దని అడిగాడు. తథాగతుడు అనిత్యం గురించి బోధించి పంపేయలేదు. విన్నాడు, నియమం చేశాడు. ఆ నియమం ఇప్పటికీ భిక్షు సంఘంలో ఉంది. సాటిలేని మంచి పని కోసం తీసుకుంటున్నా సరే, కన్నవాళ్లను అడగాలి.

మన చట్టంలోనూ ఆ నియమం లాంటిదే ఉంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను పెంచలేని తల్లి బాలల సంక్షేమ సమితి ముందు అప్పగించవచ్చు. వాళ్లు ఆమెతో మాట్లాడాలి. అప్పగించాక మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. ఆ తర్వాతే బిడ్డ దత్తతకు. దత్తత కోరేవాళ్లు కారాలో పేరు నమోదు చేసుకోవాలి, చివరి ఉత్తర్వు కలెక్టర్ ఇస్తారు. ఏళ్లు పడుతుంది, నిజమే. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక తన మూలాలు వెతుక్కోవడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. దొంగ కాగితంతో పెరిగిన బిడ్డకు ఆ దారి కూడా మూసుకుపోతుంది. బిడ్డను అమ్మినా కొన్నా అయిదేళ్ల వరకు జైలు.

పెండ్లి కాని తల్లి బిడ్డను ఉంచుకోకూడదని ఏ చట్టమూ చెప్పదు. తండ్రి పేరు చెప్పమని ఆమెను బలవంతపెట్టాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. మన జిల్లాలోనే కొండాపూర్ మట్టిదిబ్బలో శాతవాహనుల నాణేలు బయటపడ్డాయి. ఆ రాజులు గౌతమీపుత్ర, వాసిష్ఠీపుత్ర అని తల్లి పేరుతో రాయించుకున్నవాళ్లు. వాళ్లకు లేని నామోషీ మనకెందుకో.

ఇవన్నీ నేను ఆ జంటకు రెండు ఆదివారాల్లో చెప్పాను. ఆయన కోపంగా లేచి వెళ్లాడు. ఆమె కూర్చుంది. చాలాసేపటికి, "ఆ పిల్ల పేరు గూడ మాకు తెల్వదక్కా" అంది. మూడో ఆదివారం ఆయనే ఫోన్ చేసి, మధ్యలో ఉన్నామెకు వద్దని చెప్పేశానన్నాడు. సంగారెడ్డి వెళ్లి కాగితాల గురించి కనుక్కుని వచ్చారు.

మేం ముగ్గురం ఆడవాళ్లం షెడ్ల దగ్గరికి వెళ్లాం. నీకేం కావాలి అని అడిగాం. ఆ అమ్మాయి ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత, కాన్పయినాక ఒక నెల అదే గదిలో ఉండనిస్తారా అని అడిగింది. అంతే అడిగింది.

సర్కారు దవాఖానలో కాన్పయింది. ఈ కరపత్రం అచ్చుకు పోయేనాటికి ఇరవై మూడు రోజులు. బిడ్డ ఆమె దగ్గరే ఉంది. ఉంచుకుంటుందో, సమితి ముందు అప్పగిస్తుందో ఇంకా చెప్పలేదు, మేం అడగడం లేదు. గది కిరాయి రెండు నెలలకు మనవాళ్లే చందా వేసుకున్నారు. పాత నూలు చీరలు, పసిబిడ్డ బట్టలు, బియ్యం ఇవ్వదలచినవాళ్లు ఆదివారం వందనకు వచ్చేటప్పుడు తెచ్చి గదిలో పెట్టండి. ఎవరికోసమని అడగొద్దు. మీకు తెలిసిన చోట ఇట్లాంటి తల్లి ఉంటే, దళారి కంటే ముందు మీరు వెళ్లండి. చైల్డ్‌లైన్ నంబర్ 1098, రాత్రయినా పగలయినా పలుకుతుంది.