లెక్క అడుగుట నిందయా?

భండారి బసవన్న కథ వీరశైవ గృహములలో పిల్లలకు సైతము తెలిసినదే. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బిజ్జలుని భాండాగారము బసవేశ్వరుని చేతిలో ఉండెను. ప్రభువు సొమ్మును జంగములకు ధారపోయుచున్నాడని కిట్టనివారు రాజు చెవిని వేసిరి. రాజు లెక్క చూపుమనెను. బొక్కసము తెరచి చూడగా సొమ్ము సరిపోయెను. పాల్కురికి సోమనాథుడు తన ద్విపద కావ్యమైన బసవపురాణమున ఈ కథను తెలుగువారికి అందించెను.

భక్తులు దీనిని శివుని మహిమగా చెప్పుకొందురు. అది యుక్తమే. అయితే ఇందులో మరియొక ధర్మసూక్ష్మము కలదు. ఎంతటి శివభక్తుడైనను పరుల సొమ్మును చేత పట్టినప్పుడు లెక్క చెప్పవలసినవాడే. చెప్పుటవలన అతని గౌరవము తరుగదు.

నేడు లోకములో ఈ ధర్మము తలక్రిందులైనది. సంఘపు ధనమును చూచు పెద్దమనిషిని ఎవరైన లెక్క అడిగినచో, "నన్నే అనుమానింతువా?" అను మాట ముందు వచ్చును. లెక్క వెనుక వచ్చును, లేదా రానే రాదు. అడిగినవాడు ద్రోహి యగును. లెక్క అడుగుట నిందయా, ధర్మమా? ఈ ప్రశ్నకు మన దేశ రాజ్యాంగము చెప్పిన సమాధానము విచారింపదగినది.

1949 నవంబరు 26న ఆమోదము పొంది, 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము ప్రభుత్వాధికారమును ఒక్కచోట ఉంచలేదు. శాసనములు చేయునది పార్లమెంటు. వానిని అమలు జరుపునది మంత్రివర్గము. తగవు తీర్చునది న్యాయస్థానము. మన పెండ్లిండ్లలో చదివింపులు వ్రాయువాడొకడు, సొమ్ము దాచువాడొకడు, ఖర్చు చేయువాడొకడు. ఆ ముగ్గురును ఇంటివారే. వారిలో ఎవరును దొంగయని కాదు; ముగ్గురి పనియు ఒక్కని మీద పడినచో ఆ ఒక్కనికే చిక్కు.

ధనము విషయమున ఈ కట్టుబాటు మరింత స్పష్టము. శాసనాధికారము లేక ఏ పన్నును విధింపరాదని 265వ అధికరణము. వసూలైన రాబడి దేశపు సంచితనిధిలో చేరును. శాసనము లేక అందుండి ఒక్క రూపాయియు తీయరాదని 266వ అధికరణము. ఏటేట రాబడి వ్యయముల అంచనాను పార్లమెంటు ముందుంచవలెనని 112వ అధికరణము. అదే మనము బడ్జెటు అనుచున్నది. మంత్రిత్వశాఖలు కోరిన పద్దులను లోకసభ అంగీకరింపవచ్చును, తగ్గింపవచ్చును, త్రోసిపుచ్చవచ్చును. పెంచుటకు మాత్రము వీలులేదు. ఖర్చైన పిమ్మట కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఆ లెక్కలు పరీక్షించి నివేదిక యిచ్చును. ఆయన జీతమును, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల జీతములును పార్లమెంటు చర్చింపవచ్చును గాని ఓటుకు పెట్టరాదు. తీర్పు చెప్పువాని అన్నము తీర్పు వినవలసినవాని దయపై ఆధారపడరాదని దీని భావము.

ఈ వ్యవస్థను నడిపినవారిలో మన సీమవాడొకడు స్మరణీయుడు. తిరుపతి చెంత తిరుచానూరున 1891లో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు చిత్తూరులో న్యాయవాదిగా నుండి, స్వాతంత్ర్యోద్యమమున కారాగారవాసము చేసి, రాజ్యాంగ సభలో సభ్యుడాయెను. 1952లో తిరుపతి నుండి లోకసభకు ఎన్నికై డెప్యూటీ స్పీకరుగను, 1956 నుండి 1962 వరకు స్పీకరుగను పనిచేసెను. ఆ పదవులకు ముందే, 1950లో ఏర్పడిన అంచనాల సంఘమునకు ఆయనయే తొలి అధ్యక్షుడు. శాఖలు కోరు ధనములో ఎక్కడ పొదుపునకు వీలున్నదో విచారించుట ఆ సంఘము పని. మంత్రియైనవాడు అందు సభ్యుడు కారాదు. అయ్యంగారు కాంగ్రెసువాడు, ప్రభుత్వమును కాంగ్రెసుదే. తనవారి ఖర్చును తానే విచారించుటకు ఆయన అధ్యక్షత వహించెను. దానిని ఎవరును పక్షద్రోహ మనలేదు. ఖర్చైన లెక్కలను చూచు ప్రభుత్వ లెక్కల సంఘమునకు 1967 నుండి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడగుట సంప్రదాయమైనది.

అడుగువానికిని హద్దు కలదు. కేరళలోని ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి స్వామి వ్యాజ్యమున 1973లో పదుముగ్గురు న్యాయమూర్తులు విచారించి, ఏడుగురు ఒకవైపు, ఆర్గురు మరొకవైపు నిలువగా, పార్లమెంటు రాజ్యాంగమును సవరింపవచ్చును గాని దాని మూలస్వరూపమును చెరుపరాదని తీర్పు వెలువడెను. మఠము భూముల విషయమై మొదలైన వ్యాజ్యము దేశమంతటికి కంచె యైనది.

అయితే కట్టుబాటులున్నంత మాత్రమున ధర్మము నిలుచునా? నిలువదు. గడువు చాలలేదని అనేక పద్దులు చర్చయే లేక ఒక్కుమ్మడిగా ఆమోదము పొందుట పార్లమెంటున జరుగుచునే యున్నది. ఆడిటు నివేదిక సొమ్ము ఖర్చైన పిదప గాని రాదు. కాగితముపై పద్దు సరిపోవుట వేరు, బీదవాని కడుపునకు అది చేరుట వేరు. బసవేశ్వరుడు బోధించిన కాయకము, దాసోహము ఇచ్చట అవసరమగును. పన్ను నిర్బంధము, దాసోహము స్వచ్ఛందము. రెండును ఒకటియే యనుట తగదు. కాని పోలిక యొకటి కలదు. చేయి దాటిన సొమ్ము ఇచ్చినవానిది కాదు, పుచ్చుకొన్నవానిదియు కాదు. ఎవరి అక్కరకై ఇచ్చిరో వారిది. అది మరచిన అధికారికి ఎన్ని అధికరణములున్నను దారి దొరకును.

రాజ్యాంగము ప్రతి భండారియు బసవన్నయే యని నమ్మలేదు. ప్రతి భండారియు దొంగయే యనియు అనలేదు. బసవన్నవంటివాడు వచ్చినప్పుడు అతని శుచిత్వము అందరికి కనబడునట్లును, రానప్పుడు ప్రజలు మోసపోకుండునట్లును ఏర్పాటు చేసినది. కల్యాణమున లెక్క అడుగుటకు రాజొక్కనికే అధికారము. తక్కినవారికి మిగిలినది కొండెము. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టము వలన నేడు సామాన్యుడును ప్రభుత్వమును అడుగగలడు. బహిరంగముగ అడుగుటకు వీలున్నచోట చాటున చెప్పు కొండెమునకు విలువ తగ్గును. వీలులేనిచోట కొండెమే లెక్క యగును. దానివలన ముందుగా నష్టపోవువాడు నిజాయితీపరుడే.

దేశమును గూర్చి చెప్పిన ఈ మాట సంఘములకును మఠములకును వర్తించును. దాసోహమునకు భక్తుడిచ్చిన పిడికెడు బియ్యము మొదలు పొలము కౌలు వరకు గల లెక్కను ఏటేట బసవ జయంతినాడు సభలో చదివి వినిపించు పెద్దలు ఎవరో అడుగువరకు వేచియుండనక్కరలేదు. అడుగకమునుపే చూపినవానిని అనుమానించుటకు ఎవరికిని నోరు రాదు. భండారి బసవన్న పేరు చెప్పుకొను సమాజమునకు బొక్కసపు తలుపు తెరచి చూపుట భారము కారాదు.