నువ్వు ఏ పక్షం?



తాపీ ఆవలి ఒడ్డున లింబాయత్ మగ్గాల దగ్గర గాని, ఇటు మన అడాజన్ అపార్టుమెంట్లలో గాని, తెలుగువాడు తెలుగువాణ్ణి కలిస్తే మొదట ఊరు అడుగుతాడు. మంచి ప్రశ్నే. కాని 2009 డిసెంబరు 9న తెలంగాణ ప్రకటన వచ్చింది మొదలు 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడేదాకా ఆ ప్రశ్నకు అర్థం మారిపోయింది. ఊరు చెబితే పక్షం చెప్పినట్టే. ప్రత్యేక రాష్ట్రం కోరినవారి బాధ నిజం, కలిసుందామన్నవారి భయమూ నిజం. కూర్చుని మాట్లాడుకోదగ్గ విషయాలే అవి. వేదికల మీది మాట మాత్రం వేరు: మాతో లేనివాడు ద్రోహి. మరి అటు పిల్లనిచ్చి, ఇటు కోడల్ని తెచ్చుకున్న ఇల్లు ఏం చెప్పాలి?

రాష్ట్రం వచ్చి ఏళ్ళు గడిచాయి, ఆ మాట పోలేదు. ప్రతి ఎన్నికకూ పార్టీ పేరుతోనో, కులం పేరుతోనో, మతం పేరుతోనో మన ఫోన్లలోకి వస్తూనే ఉంది.

సిక్కు ఏ పక్షమూ పట్టకూడదని మేము చెప్పడం లేదు. అన్యాయం జరుగుతుంటే తటస్థంగా కూర్చోవడం గురుమత్ కాదు. 1675లో గురు తేగ్ బహాదుర్ జీ ఢిల్లీలో శిరస్సు ఇచ్చారు. ఎవరి కోసం? కాశ్మీరీ పండితుల కోసం. గురు నానక్ జీ బాల్యంలోనే జంధ్యం వద్దన్నారు. ఆ జంధ్యం వేసుకునేవారి హక్కు కోసం తొమ్మిదవ గురువు ప్రాణమిచ్చారు! ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. వీళ్ళు మనవాళ్ళా, పరాయివాళ్ళా అన్న లెక్క ఆయన వేయలేదు. జరుగుతున్నది అన్యాయమా, కాదా అన్నదే చూశారు.

ఆనంద్‌పూర్ యుద్ధంలో భాయీ కన్హయ్యా జీ మీద కొందరు సిక్కులే ఫిర్యాదు చేశారు: శత్రువులకు కూడా నీళ్ళు పోస్తున్నాడు, ఇతడు ఎవరి వైపు? గురు గోవింద్ సింగ్ జీ పిలిచి అడిగితే, అందరిలో తమ ముఖమే కనిపిస్తోందని ఆయన చెప్పారు. గురువు మలాము ఇచ్చి, గాయాలకు కట్టు కూడా కట్టమన్నారు. భాయీ జీ గురువు శిబిరం విడిచి వెళ్ళినవారు కాదని గమనించండి.

ఓటు మీ ఇష్టం, వేయండి. ఎన్నికల రోజుల్లో కొందరు పార్టీ కండువాతోనే లంగర్‌కు వస్తారు. కండువా బయట ఉంచి, తలకు రుమాలు కట్టుకుని పంగత్‌లో కూర్చోమని సేవాదారులు వారికి చెప్పాలి. ఏ రంగు కండువా అయినా ఒకే మాట చెప్పాలి.