కనరాని తంతువులు – ప్రమాణ విచారము

కణములన్నియు సూక్ష్మతంతువుల కంపనభేదములే యని భౌతికశాస్త్రజ్ఞులు కొందఱు ఊహించిరి. గురుత్వాకర్షణము సైతము ఈ తంతుసిద్ధాంతమున ఇమిడియున్నదని 1974లో షెర్క్, ష్వార్జ్ అనువారు చూపిరి. ఈ గణితము పొసగుటకు దేశకాలములు కలిసి పది పరిమాణములు కావలెను. నెల్లూరు సీమకు చెందిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌గారి కుమారులు రామకృష్ణన్‌గారు 1962లో మద్రాసున నెలకొల్పిన గణితశాస్త్రసంస్థలోను ఈ పరిశోధన సాగుచున్నది.

అయినను ఆ తంతువులను ఇంతవఱకు ఏ ప్రయోగమును చూపలేదు. 2012లో హిగ్స్ కణమును కనుగొన్న సెర్న్ యంత్రమునకు సైతము అవి అందలేదు.

"ఆధునిక విజ్ఞానము మన వేదమును ఋజువు చేసినది" అను మాట మా సీతారామపురమునను వినవచ్చుచున్నది. ఇది తగునా? ఈశ్వరుడు అనుమానమునకు గోచరుడు కాడనియు, వేదశాస్త్రమే అందు ప్రమాణమనియు భగవద్రామానుజులు శ్రీభాష్యమున నిర్ణయించిరి. కార్యమును చూచి కర్తను ఊహించు తర్కము, ఆ కర్త ఒక్కడే యని తేల్చజాలదని వారి వాదము. తర్కమునకే అందనివానికి, పరీక్షకు నిలువని ఊహ ఊతమగునా? రేపు ప్రయోగము ఆ ఊహను త్రోసిపుచ్చినచో, దానిపై ఆనిన భక్తి ఏమగును?

"ఇంకను ఋజువు కాలేదు" అని పరిశోధకుడు పలుకుట సత్యనిష్ఠ. ఆ నిష్ఠను మనము గౌరవింతము. వారి సిద్ధాంతమును వారి పరీక్షకు విడిచి, శ్రుత్యర్థమును ఆచార్యముఖమున గ్రహించుటయే భక్తులకు శ్రేయస్కరము.