కొండమీది చినుకు, దివిసీమ కన్నీరు



నవంబరు నెల వచ్చిందంటే మన శ్రీసభ మృతులను తలచుకుంటుంది. ఒకటో తేదీన సకల పునీతుల పండుగ. రెండో తేదీన మరణించిన విశ్వాసుల స్మరణ దినం. ఆ రోజు సమాధుల తోటకు వెళ్లి, గడ్డి పీకి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి ప్రార్థించుకుంటాం. కాని సమాధే లేనివారి మాట ఏమిటి? ఏ వాగు తీసుకుపోయిందో, ఏ అల మింగిందో తెలియనివారికి కొవ్వొత్తి ఎక్కడ వెలిగించాలి? ఈ వారం వారిని గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది.

మన తెలుగు తీరానికి నవంబరు తుపానుల నెల కూడా. 1864లో సరిగ్గా సకల పునీతుల పండుగనాడు, నవంబరు 1న, మచిలీపట్నం మీద తుపాను విరుచుకుపడింది. సముద్రం ఊళ్లోకి నడిచి వచ్చింది. సుమారు 30,000 మంది చనిపోయారని చరిత్ర చెబుతోంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో ఒక్క రాత్రిలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. పదివేల మందికి పైగా మరణించారు. 1996 నవంబరు 6న కోనసీమను తుపాను కొట్టింది. వెయ్యిమందికి పైగా పోయారు. తరతరాల కొబ్బరితోటలు నేలకొరిగాయి.

ఎందుకు ఈ నెలలోనే? నైరుతి గాలులు వెనుదిరిగే ఆ రోజుల్లో బంగాళాఖాతం నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఆ వేడే తుపానుకు మేత. మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. గాలి తోసుకువచ్చిన నీటికి పోయే దారి లేక గోడలా లేస్తుంది. దానినే మన పెద్దలు ఉప్పెన అన్నారు.

మనకు సముద్రం ఎక్కడిది?

ఇది చదువుతున్న వికారాబాద్, తాండూరు సోదరులు మనసులో ఒక మాట అనుకుంటారు. "మనకు సముద్రం ఎక్కడిది? మనది ఎత్తు నేల, రాతి నేల. తుపానులు కోస్తావాళ్ల కష్టం. పాపం, వారికోసం ప్రార్థిద్దాం, చందా ఇద్దాం." ఆ జాలి మంచిదే. కాని ఒక్కసారి అనంతగిరి కొండ ఎక్కి చూడండి.

ఆ కొండల్లో పడిన చినుకు రెండు దారులు పడుతుంది. ఒకటి తూర్పుకు వెళ్లి మూసీ అవుతుంది. పూర్వులు దానినే ముచుకుందా నది అన్నారు. అది హైదరాబాదు నడిమధ్య నుంచి పారి, నల్లగొండ నేల మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. రెండోది పడమటికి వెళ్లి కాగ్నా అవుతుంది. తాండూరును పలకరించి, కర్ణాటకలోకి వెళ్లి, భీమలో కలుస్తుంది. భీమ కృష్ణలో కలుస్తుంది. అంటే ఒకే కొండ మీద వీపులు తిప్పుకుని విడిపోయిన రెండు చినుకులు, వందల మైళ్లు తిరిగి, కృష్ణమ్మ ఒడిలో మళ్లీ ఒక్కటవుతాయి. ఆ కృష్ణ చివరకు సముద్రంలో కలిసేది ఎక్కడ? దివిసీమ దగ్గర.

చూశారా ప్రియులారా! దివిసీమ మనకు పరాయి ఊరు కాదు. మన కొండనీరు ఆఖరి గుక్క తాగే ఊరు. మనం ఎగువవాళ్లం, వారు దిగువవాళ్లు, అంతే తేడా.

1908 సెప్టెంబరు 28

ఎగువ నీరు దిగువవాడికి ఏం చేయగలదో హైదరాబాదు నగరం 1908లో చూసింది. సెప్టెంబరు నెలాఖరులో మూసీ పరీవాహక ప్రాంతమంతటా కుండపోతగా వాన కురిసింది. 28వ తేదీన మూసీ నగరాన్ని ముంచింది. సుమారు 15,000 మంది చనిపోయారని, 19,000 ఇళ్లు కూలాయని అంచనా. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి తన కళ్లెదుటే తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని, ఒక్కడే ప్రాణాలతో మిగిలాడు.

ఆ తరువాతి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన నగరంలో కూర్చుని లెక్కలు వేయలేదు. ఎగువకు చూశాడు. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండగా ఆ వానలకు 221 తెగిపోయాయని తేల్చాడు. మన ఊళ్ల చెరువులు గొలుసుకట్టు చెరువులని మీకు తెలుసు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. పై చెరువుకు గండి పడితే ఆ భారమంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది. అది తెగితే దాని కిందిది. ఇలా ఒకరి గండి మరొకరి చావు అవుతుంది. విశ్వేశ్వరయ్యగారి సలహా మీదనే నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

అంతటితో కథ ముగియలేదు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం, సముద్రానికి ఎంతో దూరాన ఉన్న హైదరాబాదును ముంచింది. 2025 సెప్టెంబరు చివర వికారాబాద్ వైపు ఎగువన కురిసిన వానలకు రెండు జలాశయాల గేట్లు ఎత్తారు. మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీరు వచ్చింది. ప్రయాణికులను తాళ్లు పట్టించి బయటకు తెచ్చారు. 117 ఏళ్ల తరువాత, దాదాపు అవే తేదీల్లో, నది తన పాత దారిని గుర్తు చేసుకుంది. మనిషి మరచిపోతాడు గాని నీరు మరచిపోదు.

మేమేం పాపం జేసినం?

వరద వచ్చిన ప్రతిసారీ గురువులను ఒక ప్రశ్న అడుగుతారు. కాగ్నా ఒడ్డున ఇల్లు తడిసి, కందుల బస్తాలు మొలకెత్తి, గోడ కూలిన ఒక తల్లి నన్ను అడిగింది: "ఫాదర్, మేమేం పాపం జేసినం? దేవునికి మా మీద ఎందుకింత కోపం?" పక్కనున్న పెద్దమనిషి ఒకాయన వెంటనే, "లోకంలో పాపం పెరిగిపోయిందమ్మా, అందుకే దేవుడు శిక్షిస్తున్నాడు," అన్నాడు. ఆ మాటకు ఆమె తల ఇంకా కిందికి దిగింది.

ప్రియులారా, ఆ పెద్దమనిషి మాట సువార్త కాదు. లూకా సువార్త 13వ అధ్యాయం తెరవండి. సిలోయములో బురుజు కూలి 18 మంది చనిపోయారు. వారు మిగతావారికంటే పెద్ద పాపులని తలచవద్దని ప్రభువు తేటగా చెప్పాడు. చనిపోయినవారి పాపాలు లెక్కించవద్దన్నాడు. బ్రతికి ఉన్న మీరు హృదయపరివర్తన చెందండి అన్నాడు. అంటే వరద వచ్చినప్పుడు మునిగినవాడిని వేలెత్తి చూపడం కాదు, ఒడ్డున ఉన్నవాడు తన్ను తాను పరీక్షించుకోవాలి. మచిలీపట్నంలో పోయిన పసిపిల్లలు ఏం పాపం చేశారు? దివిసీమలో గడ్డి కప్పిన గుడిసెలో నిద్రపోతున్న కూలివాడు ఏం పాపం చేశాడు?

హోరేబు కొండ మీద ఏలీయా ప్రవక్తకు దేవుడు పెనుగాలిలో కనిపించలేదు, భూకంపంలో కనిపించలేదు, అగ్నిలో కనిపించలేదు. మెల్లని స్వరంలో వినిపించాడు (1 రాజులు 19). తుపాను రాత్రి ఆ స్వరం ఎక్కడ వినిపిస్తుంది? "తమ్ముడూ, చెయ్యి అందుకో" అనే మాటలో వినిపిస్తుంది. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 వరదలో సుమారు 150 మంది ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని బ్రతికారు. వారిలో ఎవరు హిందువు, ఎవరు ముస్లిం, ఎవరు క్రైస్తవుడు అని ఆ చెట్టు అడగలేదు. సిలువ మ్రానును ధ్యానించే మనకు ఆ చెట్టు అర్థం కాకపోదు.

ఇసుక మీద ఇల్లు

మత్తయి సువార్త 7వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన రెండు ఇళ్ల ఉపమానం మనందరికీ కంఠస్థమే. ఆయన తిరిగిన దేశంలోనూ మన వాగుల్లాంటి వాగులే ఉన్నాయి. ఎండాకాలంలో ఎండి, చదునుగా, ఇల్లు కట్టుకోవడానికి ఎంతో అనువుగా కనిపిస్తాయి. వానాకాలంలో నిజరూపం చూపిస్తాయి. కాని ఈ ఉపమానాన్ని మూసీ ఒడ్డున గుడిసె వేసుకున్న పేదవాడి మీద రాయిలా విసరకండి. అతడు తెలివితక్కువై అక్కడ కట్టుకోలేదు. మిగతా నేలంతా ఇతరులు పంచుకోగా అతనికి మిగిలింది అదే. చెరువు శిఖం భూమిని ప్లాట్లు చేసి అమ్మినవాడెవడు? నాలా పూడ్చి కాంపౌండు గోడ కట్టినవాడెవడు? బండల పాలిషింగు వ్యర్థాన్ని రాత్రికి రాత్రి వాగులో గుమ్మరించినవాడెవడు? కాగ్నా ఇసుకను లారీలకెత్తి నది కడుపు కోసినవాడెవడు? వారిలో ఆదివారం దివ్యబలిపూజకు వచ్చి ముందు బల్లల్లో కూర్చునేవారు ఒక్కరైనా లేరా? ఉంటే, ఈ నెలలో పాపసంకీర్తనానికి వచ్చినప్పుడు ఆ మాట కూడా చెప్పాలి. ఎగువన చేసిన పాపానికి దిగువన శవం తేలితే, "నా తమ్ముడికి నేను కావలివాడినా?" అన్న కయీను మాట మనల్ని కాపాడదు. పోపు ఫ్రాన్సిస్ 2015లో రాసిన "లౌదాతో సి" విశ్వలేఖలో భూమి మొర, పేదల మొర విడివిడి మొరలు కావని బోధించింది ఇందుకే.

నోవా చేసిన పని

ఇక ఆశ మాట. ఆదికాండములో నోవాను మనం మెచ్చుకునేది ఎందుకు? హెచ్చరిక విన్నాడు. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే ఓడ కట్టాడు. ఒరిస్సాలో 1999 అక్టోబరు తుపానుకు దాదాపు 10,000 మంది పోయారు. 2013 అక్టోబరులో అదే తీరానికి ఫైలిన్ తుపాను వచ్చింది. ఈసారి సుమారు పది లక్షలమందిని ముందుగానే ఖాళీ చేయించారు. చనిపోయినవారు పదుల సంఖ్యలోనే. గాలి తగ్గలేదు, మనుషులు విన్నారు. హెచ్చరిక వినడం విశ్వాసం లేకపోవడం కాదు. నోవా చూపిన విశ్వాసం అదే.

కనుక ఈ నవంబరులో మన విచారణల్లో మూడు పనులు చేద్దాం. మొదటిది, మృతుల స్మరణలో సమాధి లేనివారికోసం ఒక కొవ్వొత్తి వెలిగిద్దాం. మన తాతలనాటి వరదల్లో పోయినవారి పేర్లు పెద్దలను అడిగి రాసుకుందాం. ఎంత నీరు ఎక్కడిదాకా వచ్చిందో పిల్లలకు చూపిద్దాం. రెండోది, యువకులు, ఉపదేశి, సంఘ పెద్దలు కలిసి మన ఊరి చెరువు కట్ట, తూము, మత్తడి ఎలా ఉన్నాయో ఎండాకాలంలోనే చూసి రావాలి. పూడిక ఉంటే, ఆక్రమణ ఉంటే, అన్ని మతాల ఊరివారితో కలిసి అధికారులకు దరఖాస్తు పెట్టాలి. మూడోది, పారుతున్న వాగును దాటబోకండి. మోకాలి లోతు నీరు మనిషిని పడదోస్తుంది. రెండడుగుల పారే నీరు కారును తేలుస్తుంది. "రోజూ వెళ్లే దారే కదా" అన్న మాటే ఏటా మన జిల్లాల్లో ప్రాణాలు తీస్తోంది. పెళ్లికి ఒక గంట ఆలస్యమైతే వధూవరులు క్షమిస్తారు. దేవునికోసం, ఇంట్లో ఎదురుచూసేవారికోసం, ఒడ్డున ఆగండి.

కాగ్నా ఒడ్డున ఆ తల్లికి నేను ఆ రోజు పెద్ద ఉపన్యాసం ఇవ్వలేదు. "అమ్మా, దేవునికి నీ మీద కోపం లేదు," అన్నాను. తరువాత మన యువకులు నలుగురు గోడ మట్టి ఎత్తారు. పక్కింటి ముస్లిం సోదరులు తడకలు తెచ్చారు. సాయంత్రానికి పొయ్యి వెలిగింది. అప్పుడు ఆమె తల ఎత్తింది.

ప్రార్థించుదము: గాలిని, అలలను గద్దించి శాంతపరచిన ప్రభువా! నీటిలో పోయిన మా సోదరీ సోదరులకు నీ సన్నిధిలో నిత్య విశ్రాంతి దయచేయుము. ఎగువనున్న మాకు దిగువవారి బాధ తెలిసే హృదయమునిమ్ము. మేము చేసిన గండ్లను మేమే పూడ్చు ధైర్యమునిమ్ము. మునుగువాని కేక వినబడినప్పుడు మా చేతులు ముడుచుకొని ఉండకుండునట్లు అనుగ్రహింపుము. ఆమెన్.