దాశరథి ఎవరి పేరు?

ఒకే పేరు రెండు వేరియబుల్స్‌కి పెడితే మా టీమ్‌లో కోడ్ రివ్యూ దాటదు. భద్రాచలంలో గోదావరి మెట్ల మీద కూర్చుని ఫోన్లో 'దాశరథి' అని వెతికితే ముగ్గురు తగిలారు. రివ్యూ సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

దశరథుడి కొడుకు అని అర్థం. ఆ లెక్కన నలుగురన్నదమ్ములకీ చెల్లాలి, రాముడికే స్థిరపడింది. 17వ శతాబ్దంలో కంచర్ల గోపన్న ఆ పేరుతోనే రాముణ్ణి పిలుస్తూ దాశరథీ శతకం రాశాడు. 1925లో చిన్నగూడూరులో పుట్టిన కృష్ణమాచార్యులకు అది ఇంటిపేరు. 'అగ్నిధార' రాసిందీ, సినిమా పాటలు రాసిందీ ఆయనే.

ఇద్దరు కవులూ జైలుకెళ్లారు. నిజాం పాలనను ఎదిరించి ఈయన నిజామాబాద్ జైలుకి. సర్కారు పన్నుల సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని గోపన్న గోల్కొండ చెరకి. ఇద్దర్నీ ఒకే గాటన కట్టొచ్చా?

కట్టలేం అనిపిస్తుంది. గోపన్న తహసీల్దారు. ఆ సొమ్ము ఊళ్ల నుంచి వసూలైంది, తనది కాదు. కానీ 'రామదాసు' అనగానే ఆ మాట అడగడానికి మనకి నోరు రాదు. భక్తి తెచ్చిన పేరు ఉద్యోగిని కప్పేసింది.

అయితే జనం చెప్పుకునే కథ మనకన్నా నిజాయితీగా ఉంది. అందులో రామలక్ష్మణులే వచ్చి తానీషాకి బాకీ కట్టి, రసీదు తీసుకుంటారు. అంటే బాకీ ఉందని కథే ఒప్పుకుంది. దేవుడి పేరు చెప్పి పద్దు కొట్టెయ్యలేదు.

రామదాసు కీర్తనలు నేను ఇకముందూ వింటాను. వింటూనే గోపన్న అనే పేరునీ గుర్తుపెట్టుకుంటాను.