ఎవరి నెత్తురు వాళ్లదే

ఆళ్లగడ్డ దగ్గర మా చిన్నమ్మ వాళ్ల ఊళ్లో నా చిన్నతనాన ఒక మాట వినేవాణ్ని: "దాని కడుపు తొలిచూలుకే మంచిది." చిన్నమ్మకు మొదట కొడుకు, గుండ్రాయిలాంటి పిల్లోడు. ఆ తర్వాత ముగ్గురు. ఒకడు పుట్టిన నాలుగో రోజుకు పసుపు పూసినట్టు పచ్చబడి పోయాడు. మిగిలిన ఇద్దరూ కడుపులోనే పోయారు. అవ్వ అహోబిలానికి మొక్కుకుంది, తాయెత్తు కట్టించింది, చివరికి "తల్లే పిల్లల్ని తింటాంది" అనేసింది. చిన్నమ్మ జవాబు చెప్పలేదు. సంగటి కెలుకుతా, కట్టెను పొయ్యిలోకి ఇంకాస్త తోసింది.

ఆమె నెత్తురు ఏ గ్రూపో ఎవరూ చూడలేదు కాబట్టి ఇది నా అనుమానమే. వరస మాత్రం డాక్టర్లకు బాగా తెలిసిన వరస. తల్లి ఆర్‌హెచ్ నెగెటివ్, తండ్రి పాజిటివ్, బిడ్డకు తండ్రి పోలిక. కడుపులో ఉన్నన్నాళ్లూ ఇద్దరి నెత్తురూ మాయకు అటొకటి ఇటొకటి ప్రవహిస్తాయి. కాన్పులో మాయ విడేటప్పుడు బిడ్డ నెత్తురు కొన్ని చుక్కలు తల్లిలోకి జారుతాయి. ఆమె ఒళ్లు దాన్ని పరాయిదని గుర్తుపెట్టుకుంటుంది. అప్పటికి తొలిబిడ్డ ఒడిలో ఉంటాడు. మలిబిడ్డ నాటికి ఆ గుర్తే యాంటీబాడీలుగా మాయ దాటిపోయి వాడి ఎర్రకణాలను పగలగొడుతుంది.

రక్తసంబంధం అంటాం కదా. తీరా చూస్తే గర్భం నిలిచేది రెండు నెత్తుళ్లూ కలవకుండా ఉన్నందుకు. పేగుబంధం అన్నవాళ్లే నయం, కాస్త చూసి చెప్పినట్టున్నారు. (మా సీమ నెత్తురు గురించి సినిమాల వాళ్లు చెప్పిన కథలు వేరే. ఈ నెత్తురు వాళ్ల కంట పడలేదు.)

ఆళ్లగడ్డ శిల్పులు చెక్కే నరసింహస్వామిని చూసినప్పుడల్లా నాకు ఆ కథలోని ఇద్దరు కన్నవాళ్లు గుర్తొస్తారు. ప్రహ్లాదుడు తల్లి కడుపులోనే నారదుడి మాటలు విన్నాడంటారు. బయటి మాట లోపలికి పోయి బిడ్డకు మేలు చేసింది. కన్నతండ్రి మాత్రం కొడుకును పరాయివాడిగా లెక్కగట్టి చంపబోయాడు. హిరణ్యకశిపుడికి తానేం చేస్తున్నాడో తెలుసు. చిన్నమ్మకు తెలుసా? ఏ కాపలా ఆమెను ఇన్ని రోగాల నుంచి బతికించిందో ఆ కాపలాయే బిడ్డను దొంగ అనుకుంది. తనకు తెలియకుండా తన ఒళ్లు చేసినదానికి మనిషి ఎంతవరకు పూచీ? పూచీ లేదని ఎవరైనా చెప్పి ఉంటే ఆమె దుఃఖం తగ్గేదా? తగ్గేది కాదేమో. సిగ్గు మాత్రం తగ్గేది.

1939లో న్యూయార్క్‌లో లెవీన్, స్టెట్సన్ ఈ చిక్కును పసిగట్టారు. మరుసటేడు లాండ్‌స్టీనర్, వీనర్ ఆర్‌హెచ్‌కు పేరు పెట్టారు. మందు తోచడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. లివర్‌పూల్‌లో క్లార్క్, ఫిన్, న్యూయార్క్‌లో ఫ్రెడా, గోర్మన్, పొలాక్ ఇంచుమించు ఒకే ఆలోచన చేశారు: తల్లి ఒళ్లు మేలుకోకముందే, ఇంకొకరి నెత్తుట్లో తయారైన యాంటీబాడీని ఎక్కిస్తే బిడ్డ కణాలు గుట్టుగా తుడిచిపెట్టుకుపోతాయి, జ్ఞాపకమే పుట్టదు. చంపేదే మందయింది. న్యూయార్క్ వాళ్లు దీన్ని పరీక్షించింది సింగ్ సింగ్ జైలు ఖైదీల మీద. ఏనాడూ కడుపు మోయని మగవాళ్లు. వాళ్లు ఒప్పుకునే చేయించుకున్నారు. జైల్లో ఒప్పుకోవడమంటే ఏమిటన్నది నాకింకా తేలలేదు. కాన్పయిన 72 గంటల్లోపు సూది వేయాలన్న లెక్క కూడా అక్కణ్నుంచే వచ్చింది. జైలువాళ్లు మూడు రోజులకోసారి గానీ లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. 1968లో మందు బయటికొచ్చింది.

చిన్నమ్మ కొడుకు, మా అన్న, మేనమామ కూతుర్నే చేసుకున్నాడు. వాళ్ల కూతురు నంద్యాలలో కాన్పుకెళితే కార్డు మీద ఎర్ర సిరాతో 'బి నెగెటివ్' అని రాశారు. మన దేశంలో నూటికి సుమారు అయిదుగురిదే నెగెటివ్. "మేనరికం దోషం" అన్నారు ఇంట్లో. మేనరికం మీద వేయాల్సిన నిందలు చాలానే ఉన్నాయి గానీ, బిడ్డకు వచ్చే ఈ గండం వాటిలో లేదు. నెగెటివ్ ఆడపిల్ల దగ్గరి బంధువునే చేసుకుంటే అతనిదీ నెగెటివ్ కావడానికి వీలు ఎక్కువ, అప్పుడు గొడవే లేదు. ఆ పిల్ల బయటి సంబంధం చేసుకుంది. మొగుడు పాజిటివ్, పుట్టిన బిడ్డా పాజిటివే.

మందుల షాపు నుంచి అన్నా నేనూ సూదిమందు తెచ్చాం, ఐసు ముక్కల మధ్య చిన్న డబ్బా. మనుషుల ప్లాస్మా నుంచి చేస్తారని చెప్పాను. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన పద్దెనిమిదో ఏట మొదలుపెట్టి ఎనభై ఒకటి దాకా 1,173 సార్లు ఇచ్చాడని కూడా చెప్పాను.

"మరి ఇది ఎవురిది?" అన్నాడు.

"తెలీదు."

అన్న కాసేపు డబ్బా వైపు చూసి, ఐసు కరగకుండా దానికి భుజం మీది కండువా ఇంకో చుట్టు చుట్టాడు.